నేల నడుగని కట్టడము

గృహము కట్టదలచిన తెలుగువాడు సలహా నడుగనివాడు లేడు. సిద్ధాంతి నడుగును, మేస్త్రీ నడుగును, బ్యాంకువారి నడుగును, ఇరుగుపొరుగుల నడుగును. సింహద్వారము తూర్పున నుండవలెనా, ఉత్తరమున నుండవలెనా యని నెలల తరబడి విచారించును. ఆ గృహభారమును తరతరములు మోయవలసిన నేలను మాత్ర మడుగడు. అది మూగది గనుక దానితో మాటలాడ పనిలేదని తలంచును. కాని నేల మూగది కాదు. వేసవి వచ్చినప్పుడెల్ల నోరు తెరచి పలుకుచునే యున్నది. గోడమీది పగులు దాని పలుకే. బావినీటి దుర్గంధము దాని పలుకే. పెరటిలో ఆకులు పండుబారి యెండిపోవు నిమ్మచెట్టు దాని పలుకే. ఆ భాష నేర్వనివారము మనమే.

మన దేశములో అనేక కోట్ల రూపాయలు గోడలలో పెట్టబడుచున్నవి. పట్టణములు పొలములమీదికి ప్రాకుచున్నవి. నిన్న ప్రత్తి పండిన చేను నేడు ఇంటిస్థలముల వరుసగా మారుచున్నది. ఇట్టి సమయమున నేలస్వభావమును గూర్చి విచారించుట పండితుల వినోదము కాదు. పేదవాని జీవితార్జనను, పిల్లల యారోగ్యమును, కొందరు నిర్భాగ్యుల ప్రాణములను కాపాడుటకు సంబంధించిన విషయము.

ముందుగా నల్లరేగడిని గూర్చి చెప్పవలసియున్నది. ఈ నేలకు లోకశాస్త్రజ్ఞులు పెట్టుకొనిన ‘రేగర్’ అను పేరు మన తెలుగు రేగడినుండి పోయినదే. పేరు మనదై యుండియు దాని గుణమును మనమే మరచుట సిగ్గుపడదగిన సంగతి. రేగడిబంకలో మాంట్‌మోరిల్లొనైటు జాతి ఖనిజములు మెండు. అవి మిక్కిలి పలుచని రేకుల దొంతరలు. వానకాలమున నీరు రేకుల నడుమకు చొచ్చి వానిని ఎడముచేయును, నేల ఉబ్బును. ఎండకాలమున నీరు వెడలిపోవును. నేల క్రుంగి నెఱ్ఱెలు విచ్చును. రైతునకు ఈ గుణము వరము. నెఱ్ఱెలగుండ పైమన్ను లోనికి రాలి నేల తన్ను తానే దున్నుకొనును. నీటిని చాలకాలము పట్టియుంచును. వానలు వెనుదీసిన పిమ్మట గూడ శనగ, జొన్న పండును. కాని రైతును పోషించు నీ గుణమే గృహస్థునకు శాపమగుచున్నది. ఏటేట ఉబ్బుచు క్రుంగుచు నుండు నేలమీద నిలిచిన గోడ ఏటేట లేచుచు దిగుచు నుండును. నేల అంతటను సమముగా లేచిన బాధ లేదు. ఇంటి నడిమిభాగమున తేమ నిలిచియుండును. అంచులయందు వానకు తడిసి ఎండకు ఎండుచుండును. ఒక మూల లేచి వేరొక మూల దిగినపుడు గోడ చీలకేమి చేయును? కిటికీ మూలలనుండి ఏటవాలుగా ప్రాకు పగుళ్లు, వానకాలమున బిగిసికొనిపోవు తలుపులు, గచ్చు నడుమ లేచిన గూను దీని చిహ్నములు.

ఇందొక విపరీతము గలదు. సామాన్యముగా బరువైన భవనమున కపాయ మెక్కువయని జనులు తలంతురు. రేగడిలో తరచుగా దీనికి తారుమారు. ఉబ్బు నేల పైకి నెట్టు బలము ఒంటి అంతస్తు యింటి బరువును మించవచ్చును. కావున ధనికుని మూడంతస్తుల మేడ నిలిచియుండగా ప్రక్కనున్న పేదవాని చిన్నయిల్లు చీలుట యాశ్చర్యము కాదు. మేస్త్రీ మోసగించెనని యజమాని నిందించును. సిమెంటు చెడ్డదని మేస్త్రీ నిందించును. వాస్తుదోషమని సిద్ధాంతి గోడ పగులగొట్టించును. అసలు దోషి కాళ్లక్రింద నున్నదని యెవ్వరును చెప్పరు.

దీనికి మందు లేకపోలేదు.  రూర్కీలో 1947లో నెలకొల్పబడిన కేంద్ర భవన పరిశోధనాలయమువారు అండర్‌రీమ్డ్ పైలు అను పద్ధతిని మన నేలల కనుగుణముగా అభివృద్ధిచేసి ప్రచారము చేసిరి. నేలలో గుండ్రని గుంత దించి, దాని అడుగున గుంతకంటె రెండున్నరరెట్లు వెడల్పుగా బుడ్డివలె తొలిచి కాంక్రీటు నింపుదురు. లోతైన రేగడియందు ఈ స్తంభము 3.5 మీటర్లకు తక్కువ కాకుండ దిగవలెనని భారత ప్రమాణము. అంతకు క్రింద ఋతువులనుబట్టి తేమ మారుట స్వల్పము గనుక బుడ్డి కదలక యుండును. పైనేల ఎంత ఉబ్బినను అది మేకువలె ఇంటిని పట్టియుంచును. ఈ స్తంభముల తలలను కలుపు దూలమునకును నేలకును నడుమ కొంత ఖాళీ విడువవలెను. మన మేస్త్రీలు తరచు విస్మరించున దీ ఖాళీనే. దానిని మట్టితో పూడ్చిన, ఉబ్బిన నేల దూలమును నెట్టి శ్రమ నంతయు వ్యర్థము చేయును. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్. కె. కట్టిగారు మరియొక మార్గము చూపిరి. ఉబ్బని బంకగల గరుసుమన్నును ఇంచుమించు మీటరు దళసరిగా రేగడిపై పరచి గట్టిపరచినయెడల క్రిందినేల ఉబ్బు మిక్కిలి యణగునని వారు నిరూపించిరి.

ఇవి యెల్ల ధనవంతులకే సాధ్యమనరాదు. ఎక్కువ ఖర్చులేని జాగ్రత్తలును గలవు. ఇంటిచుట్టు వాలుగా గచ్చుపట్టీ వేయుట; చూరునీరు పునాదియొద్ద పడకుండ దూరముగా పారించుట; కారు గొట్టమును వెంటనే బాగుచేయించుట; వేప, రావి మొదలగు పెద్దచెట్లను గోడకు వాని యెత్తుకు తక్కువకాని దూరమున నాటుట. చెట్టు నేలలోని నీటిని పీల్చును. రేగడిలో నీరు పోయినచోట నేల క్రుంగును. రహస్యమంతయు నిదే: రేగడి తడియుటవలనను కాదు, ఎండుటవలనను కాదు, తడియుచు ఎండుచు నుండుటవలన ఇంటిని చెఱచును.

ఎఱ్ఱనేల గలవారు తమకీ బాధ లేదని సంతోషింపవచ్చును. తెలంగాణములోని చల్కనేలలు, గరుసునేలలు కట్టడమునకు మేలైనవే. కొలదిలోతుననే రాతిపొర తగులును. కాని ఆ రాతినేలలో లోయ గలచోటనెల్ల మన పూర్వులు చెరువు కట్టిరి. నేడు నగరములలో ఆ చెరువుల శిఖములనే పూడ్చి ఇండ్లు కట్టుచున్నాము. పూడికమట్టి యింకను కుదురుకొనక మునుపే దానిమీద గోడలు లేచుచున్నవి. నేల క్రుంగుట యొక భయము. నీరు తన పాత యింటికి మరలివచ్చుట రెండవ భయము. 2020 అక్టోబరు వానలలో హైదరాబాదునందు చెరువుల దిగువనున్న కాలనీలు మునిగినపుడు నేల తన పూర్వచరిత్రను మరువలేదని తెల్లమైనది.

ఇచ్చట శాస్త్రాభిమానులతో ఒకమాట చెప్పుట యవసరము. వాస్తువునెడ మాకు ద్వేషము లేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూపరీక్ష చెప్పియున్నాడు. మూరలోతు గుంట త్రవ్వి, త్రవ్విన మన్నుతోనే మరల నింపినపుడు మన్ను మిగిలిన భూమి శ్రేష్ఠము, సరిపోయిన మధ్యమము, చాలకున్న అధమము. గుంటనిండ నీరుపోసి నూరడుగులు నడచి తిరిగివచ్చునంతలో నీరు తగ్గకయున్న మంచిదని మరియొక పరీక్ష. గట్టినేలను, గుల్లనేలను వేరుచేయుట కవి చక్కని యుపాయములు. విచిత్ర మేమనగా, ఆ గ్రంథమునందలి దిక్కులను పట్టుకొని లక్షలు వ్యయపెట్టువారు ఆ గుంటను మాత్రము త్రవ్వరు! గడ్డపార పట్టు భాగమును విడిచి భయపెట్టు భాగమును నిలుపుకొన్నాము. అయినను ఆచార్యునిమాట యని గ్రుడ్డిగా నమ్మరాదు. తడిసిన రేగడి రెండవ పరీక్షలో చక్కగా నెగ్గును, నీరు దిగదు. కాని ఇంటిని చీల్చునదియు నదియే. పరీక్షింపుమన్న పూర్వుల బుద్ధిని గ్రహించి, నేటి జ్ఞానముతో పరీక్షను పెంచుకొనుట వారియెడ నిజమైన గౌరవము.

ఇక మరుగుదొడ్డి మాటకు వత్తము. పత్రికాపుటలో నిట్టి ప్రసంగ మేలయని ముక్కు మూసికొనువారు గలరు. గాంధీమహాత్ముడు 1941లో ప్రకటించిన నిర్మాణ కార్యక్రమమున గ్రామపారిశుద్ధ్యము నొక యంగముగా జేర్చెనని వారికి జ్ఞప్తిచేయుచున్నాము. 2014లో స్వచ్ఛభారత ఉద్యమ మారంభమైన పిదప మరుగుదొడ్లు విరివిగా కట్టబడినవి. అది సంతోషింపదగినదే. కాని మరుగుదొడ్డి పైకప్పుతో ముగియదు. దానిలో సగము భూమిక్రింద నున్నది. సెప్టిక్ ట్యాంకు మలమును కొంత కుళ్లించి గట్టిభాగమును అడుగున నిలుపునేగాని నీటిని శుద్ధిచేయదు. ఆ మురికినీటిని శుద్ధిచేయవలసినది సోక్ పిట్ చుట్టునున్న నేలయే. నేల యా పని చేయగలదో లేదో తెలియక గుంట త్రవ్వుట, రోగమెరుగక మందు పోయుటవంటిది.

పరీక్ష సులభము. సోక్ పిట్ పెట్టదలచిన లోతున చిన్నగుంట త్రవ్వి, ఒక రాత్రి నీటితో నానబెట్టి, మరునాడు నీరు 25 మిల్లీమీటర్లు దిగుట కెన్ని నిమిషములు పట్టునో చూడవలెను. 30 నిమిషముల లోపల దిగినయెడల సోక్ పిట్ పనిచేయును. 30 మొదలు 60 వరకు పట్టినచో నీటిని పొడవైన కందకములలో పరచి యింకింపవలెను. 60 దాటిన నేల యొప్పుకొనదు. వడపోత మొదలగు వేరుమార్గము చూడవలెను. రాత్రియంత నానబెట్టుటలో నర్థము గలదు. వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన రేగడి కడవలకొలది నీటిని మ్రింగి మనలను మోసగించును; నానిన పిదపగాని దాని నిజరూపము తెలియదు. ఒక చదరపు మీటరు ఇసుకనేల దినమునకు 50 లీటర్లు ఇంకించుకొనుననియు, బంకనేల 10 లీటర్లే యనియు ఇంజనీర్ల లెక్క. ఐదింతల భేదము! అట్టిచో రేగడిలోను ఇసుకలోను ఒకే కొలత గుంట త్రవ్వుట యెట్లు న్యాయము? జంటగుంటల మరుగుదొడ్లకు నల్లరేగడిలో గుంటచుట్టు 30 సెంటీమీటర్ల వెడల్పున ఇసుకగాని కంకరగాని నింపవలెనని ప్రభుత్వ నిబంధన గ్రంథములే చెప్పుచున్నవి. కాంట్రాక్టరు దానిని పాటించెనా లేదా యని చూచిన గృహస్థు లెందరు?

ఇసుకనేల కన్ని సుఖములే యనుకొనరాదు. కోనసీమయందును సముద్రతీరమునందును నీరు వెంటనే దిగును. కాని దిగి యెక్కడికి పోవును? 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు డెల్టాను సస్యశ్యామలము చేసినవి. దానితో భూగర్భజలమును పైకి వచ్చినది. వానకాలమున రెండు మూడడుగుల లోతుననే నీరూరు చోట సోక్ పిట్ అడుగుభాగము భూజలములోనే నానుచుండును. నేల వడగట్టుటకు తావే లేదు. అట్టిచోట గుంటను నేలమట్టముపైకి ఎత్తి, చుట్టును మట్టిదిమ్మ వేయుట తగును. తెలంగాణమందలి రాతినేలలలో మరియొక చిక్కు. పైమన్ను పలుచన, దానిక్రింద గ్రానైటు పగుళ్లు. మురికినీరు ఆ పగుళ్లలో పడిన వడపోత లేకయే పొరుగువాని బోరుబావి చేరగలదు. త్రాగునీటి బావికి 18 మీటర్లకు తక్కువ దూరమున మురికినీటిని ఇంకింపరాదని భారత ప్రమాణము. రెండు సెంట్ల స్థలములలో వరుసగా ఇండ్లు కట్టినచోట ఈ దూర మెట్లు దొరకును? ఎవరి బోరు వారిదే, ఎవరి గుంట వారిదే. నీరు మాత్ర మందరిదియు నొకటే. లీటరు త్రాగునీటిలో 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదు; మించిన నీటితో పాలు కలిపి పట్టిన పసికందు రక్తము ప్రాణవాయువును మోయలేక దేహము నీలివర్ణ మగును. నేలయెడ తల్లిదండ్రుల యజ్ఞానమునకు శిశువు శిక్ష ననుభవించుట యెంత ఘోరము!

అంతకంటె ఘోర మింకొకటి గలదు. రేగడిలోని సోక్ పిట్ నీటిని ఇముడ్చుకొనదు, ట్యాంకు పొంగును, దానిని ఖాళీచేయుటకు మనిషిని పిలుతురు. ఆ మనిషి యే కులమువాడో చదువరులకు చెప్ప నక్కరలేదు. విషవాయువులు నిండిన ఆ గుంటలో ఊపిరాడక మరణించినవారి వార్త లిప్పటికిని పత్రికలలో వచ్చుచున్నవి. 2013 నాటి చట్టము ఈ పనికి మనిషిని దింపుట నిషేధించినది. 2014లో సర్వోన్నత న్యాయస్థానము మృతుల కుటుంబములకు 10 లక్షలు, 2023లో 30 లక్షలు పరిహారము నిర్ణయించినది. కోలారు బంగారుగనులలోని తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సనుగారు ఈ దురాచార నిర్మూలనకు జీవితమును ధారపోసి 2016లో మెగసెసే బహుమానము నందిరి. చట్టములుండవలెను, ఉద్యమములుండవలెను. కాని అంటరానితన మంతమైనదని సభలలో పలుకుచు, నీరింకని నేలలో తప్పుడుగుంట త్రవ్వి, దాని ఫలము ననుభవించుటకు సాటిమానవుని దింపుట యేమి ధర్మము? నేలపరీక్ష చేయని ప్రతి ట్యాంకును ఒకనాడు ఎవనినో బలి కోరవచ్చునని గృహస్థులు గుర్తుంచుకొందురు గాక.

పెరటితోట విషయమునను ఇదే సూత్రము. రేగడిలో బత్తాయి, నిమ్మ నాటి, ప్రేమాధిక్యమున దినదినము నీరుపోసి వేరు కుళ్లించువా రనేకులు. అట్టివారు మిట్ట చేసి దానిమీద నాటి, నీరు తీయు కాలువ పెట్టవలెను. సున్నము మిక్కుటమైన నేలలో లేతయాకులు పసుపుబారి యీనెలు మాత్రము పచ్చగా నుండును. నేలలో ఇనుము లేక కాదు, సున్నము దానిని వేరున కందనీయకపోవుటచేత. ఎరువు బస్తాలు క్రుమ్మరించిన ఫల మేమి? మామిడి నీరు నిలువని లోతైన ఎఱ్ఱగరపలో సుఖించును. ఇసుకనేలకు పశువులపెంటయు, చెరువుమట్టియు ప్రాణము. 2015లో తెలంగాణమున మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి చేలకు తోలుట మన పాత యాచారమును పునరుద్ధరించుటయే. కొత్తయింటి పెరటిలో మొక్క బ్రతుకనిచో ముందు పలుగుతో త్రవ్వి చూడుడు. ఇటుకముక్కలు, సిమెంటుగడ్డలు, పునాదిలోనుండి తీసి పైన పరచిన అడుగుమన్నును కనబడును. సారముగల పైమన్నును కట్టడమునకు ముందే తీసి ప్రక్కన కుప్పవేసికొనువాడు బుద్ధిమంతుడు.

చెడ్డనేల యనునది నిజమునకు లేదు. చవుడునేల పైరును చంపును. సోడియ మధికమగుటచే దాని బంక విడిపోయి నీటిని లోనికి పోనీయదు. ఆ గుణమునే కనిపెట్టి రాయలసీమ రైతు చవుటిమన్నును మిద్దెపై పరచి వానను వారించుకొనెను. చేనికి శత్రువైనదానిని కప్పునకు మిత్రునిగా చేసికొనిన ఆ చదువురాని వానికంటె, పట్టాలు పొందిన మన మేమి యధికులము? అతడు నేలను చూచి పని నిర్ణయించెను; మనము పనిని నిర్ణయించి నేలను లొంగదీయ యత్నించుచున్నాము.

కర్తవ్య మేమి? ప్రభుత్వములు 2015 నుండి పొలములకు భూసారపత్రము లిచ్చుచున్నవి. పొలమునకున్న పత్రము ఇంటిస్థలమునకేల యుండరాదు? ప్రతి పంచాయతీయు, పురపాలకసంఘమును తన పరిధిలోని నేలలెట్టివో, రేగడి యెంతలోతో, వానకాలమున జలమట్ట మెచ్చటనున్నదో తెలుపు పుస్తకమును, పటమును సిద్ధపరచి జనుల కందుబాటున నుంచవలెను. ఇంటికి అనుమతి యిచ్చునపుడు ద్వారమెక్కడ, మెట్లెక్కడ యని చూచు అధికారి, నేల యెట్టిది, మురికినీ రెక్కడికి పోవునని యడుగవలెను. పేదల గృహముల పథకములలో గోడల నమూనా యొకటే యైనను పునాదుల నమూనాలు నేలనుబట్టి మూడునాలుగైనను ఉండవలెను. స్థలములు పంచునపుడే సమష్టి మురుగుకాలువ కవసరమైన నేలను విడువవలెను.

వ్యయమధికమగునని యాక్షేపింతురు. నిజమే, రేగడిలో సరియైన పునాది వేయుట కెక్కువ ఖర్చగును. కాని పగిలిన గోడను ఏటేట పూయుట ఉచితమా? పరీక్షకు గొప్ప యంత్రములును వలదు. ఎండబెట్టి జల్లించిన సన్నమన్ను పది గ్రాముల చొప్పున రెండు కొలత గాజుగొట్టములలో వేసి, ఒకదానిలో శుద్ధజలమును, రెండవదానిలో కిరోసినును పోసి ఒకదినము కదపక యుంచవలెను. కిరోసినులో మన్ను ఉబ్బదు, నీటిలో నుబ్బును. ఆ భేదము నూటికి 50కి లోబడిన భయము తక్కువ. 100 దాటిన ప్రమాదము. ఉన్నతపాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు చేయదగిన ఈ పరీక్షను ప్రతి గ్రామమున చేయించినచో బాలురకు విద్యయు, గ్రామమునకు రక్షయు నగును. పెద్దకట్టడమునకు ఇంజనీరు పరీక్ష తప్పదు. కాని ఏ ప్రశ్న వేయవలెనో తెలుపుట కిది చాలును.

దేశభక్తి యనగా పటముమీది రేఖలను పూజించుట కాదు. దేశమనగా ముందుగా నేల. ఆ నేలమీద బ్రతుకు మనుష్యులు. నల్లరేగడియు, ఎఱ్ఱచల్కయు, కోనసీమ యిసుకయు, రాయలసీమ చవుడును మన కుటుంబములోని పిల్లలవంటివి. ఒక్కొక్కరి స్వభావ మొక్కొక్కటి. అందరిని ఒకే బెత్తముతో దిద్దబోవు గురువు చేతగానివాడు. భూమిపూజనాడు కొబ్బరికాయ కొట్టుటకు ముందు గడ్డపార పట్టి నాలుగడుగులు త్రవ్వి, పిడికెడు మన్ను చేతబట్టి చూచిన గృహస్థుడే నిజముగా భూమిని పూజించినవాడు.